పీహెచ్‌పీ పోర్టల్‌ని జావా సర్వర్‌తో కలిపినప్పుడు: నా అనుభవం

మా కస్టమర్ పోర్టల్ పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో ఉండేది. లాగిన్, ఆర్డర్ల జాబితా, బిల్లులు డౌన్‌లోడ్ చేసుకోవడం అన్నీ అందులోనే. ధరల నియమాలు, క్రెడిట్ లిమిట్, స్టాక్ లెక్కలు మాత్రం జావా అప్లికేషన్ సర్వర్ మీద నడిచే ఈజేబీల్లో (వ్యాపార నియమాల కోడ్ ఉండే జావా భాగాలు, బీన్‌లు అంటాం) ఉండేవి. ఈ రెండింటికీ ఉన్న సంబంధమల్లా రాత్రిపూట అటూ ఇటూ వెళ్లే ఒక సీఎస్‌వీ ఫైల్. పొద్దున ఆర్డర్ పెట్టినవాళ్లకి అది ఏమైందో మర్నాటిదాకా తెలిసేది కాదు. ఆ ఫైల్ తీసేసి రెండింటినీ నేరుగా కలిపే పని నా నెత్తిన పడింది.

ఇలాంటప్పుడు అందరికీ మొదట తట్టే దారి ఒకటుంది. జావా వాళ్ల డేటాబేస్‌లోంచి పీహెచ్‌పీయే చదివేసుకుంటే పోలేదా అని. మీటింగ్‌లో ఎవరో ఒకరు ఆ మాట అంటారు, మా దగ్గరా అన్నారు. కానీ మొత్తం అనే కాలమ్‌లో ఉన్నది పన్ను కలిపిందా కలపనిదా, డిస్కౌంట్ ఏ దశలో తీసేస్తారు అన్నవి టేబుల్ చూస్తే తెలియవు, బీన్‌లోని కోడ్ చదివితేనే తెలుస్తాయి. అదే కోడ్ పీహెచ్‌పీలో మళ్లీ రాస్తే రెండు చోట్ల రెండు లెక్కలు తయారవుతాయి. ఇక ఆ డేటాబేస్‌లోకి రాయడం సంగతి సరేసరి. జావా వైపు డేటాబేస్‌తో మాట్లాడే హైబర్నేట్ అనే లైబ్రరీ వెర్షన్ కాలమ్ చూసుకుని లాకింగ్ చేసుకుంటుంది, క్యాష్‌లో తన కాపీ తాను పెట్టుకుంటుంది. వెనకనుంచి మనం ఒక వరస మారిస్తే దానికి తెలిసే దారే లేదు. అందుకని ఆ ఆలోచన అక్కడితో ఆపేశాం.

తర్వాత చూసింది పీహెచ్‌పీలోంచి జావా క్లాసుల్ని నేరుగా పిలిచే మార్గం. ఇది కొత్త కోరికేం కాదు. పీహెచ్‌పీ 4 రోజుల్లోనే జావా ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది, వెబ్ సర్వర్ ప్రాసెస్‌లోపలికే జేవీఎమ్‌ని, అంటే జావా కోడ్‌ని నడిపే ఇంజిన్‌ని ఎక్కించేది. అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో ఎన్ని ప్రాసెస్‌లు ఉంటే అన్ని జేవీఎమ్‌లు. మెమొరీ ఏ మూలకి సరిపోతుంది? అవతలి వైపునుంచీ ప్రయత్నాలు జరిగాయి. 2006లో జావా 6తో వచ్చిన స్క్రిప్టింగ్ ఏపీఐకి మూలమైన జేఎస్ఆర్ 223 అనే జావా ప్రమాణ ప్రతిపాదన మొదలైనప్పుడు దాని దృష్టి ప్రధానంగా వెబ్ స్క్రిప్టింగ్ భాషల మీద, అందులోనూ పీహెచ్‌పీ మీద ఉండేది. కాకో వాళ్ల క్వెర్కస్ అయితే పీహెచ్‌పీని పూర్తిగా జావాలోనే మళ్లీ రాసేసింది. సర్వ్‌లెట్ కంటైనర్ అనే జావా వెబ్ సర్వర్‌లో పీహెచ్‌పీ పేజీ నడుస్తుంది, పక్కనే ఉన్న జావా వస్తువుని ముట్టుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మా పోర్టల్ సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ల మీద చాలా ఆధారపడి ఉంది. వాటిని వదులుకుని ఇంకో ఇంజిన్‌కి మారే ఓపిక ఎవరికీ లేదు.

చివరికి ప్రోటోటైప్ పీహెచ్‌పీ జావా బ్రిడ్జ్ మీద కట్టాం. దాని వార్ ఫైల్‌ని (జావా వెబ్ అప్లికేషన్ ప్యాకేజీ) టామ్‌క్యాట్ అనే సర్వ్‌లెట్ కంటైనర్‌లో పడేస్తే 8080 పోర్ట్ మీద లేస్తుంది. పీహెచ్‌పీలో ఒక ఇన్‌క్లూడ్ ఫైల్ పెట్టుకుని జావా క్లాస్ పేరు చెబితే వస్తువు చేతికొస్తుంది. ఆ ఇన్‌క్లూడ్‌ని హెచ్‌టీటీపీ మీద లాక్కోమని చాలా ఉదాహరణల్లో ఉంటుంది. పీహెచ్‌పీ 5.2 నుంచి అది డిఫాల్ట్‌గా కుదరదు, కుదరకపోవడమే మంచిది. ఫైల్‌ని కాపీ చేసి మన దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఈజేబీ రిమోట్ ఇంటర్‌ఫేస్‌ని పిలిచి ఒక ఆర్డర్ నంబరిస్తే తెర మీద ఆర్డర్ కనబడింది. డెమో చూసినవాళ్లు పని అయిపోయినట్టే అన్నారు.

అసలు పని అక్కడినుంచే మొదలైంది. బ్రిడ్జ్‌లో పీహెచ్‌పీకి దొరికేది అసలు జావా వస్తువు కాదు, దాని తరఫున నిలబడే ప్రాక్సీ. దాని మీద పిలిచే ప్రతి మెథడూ సాకెట్ దాటి వెళ్లి రావాలి. ఒక ఆర్డర్‌లో 40 ఐటమ్‌లు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికీ పేరు, పరిమాణం, ధర అడిగితే 120 పిలుపులు. ఒక్కోటి 2 మిల్లీసెకన్లే అనుకున్నా 240 మిల్లీసెకన్లు, పేజీలో ఇంకేమీ మొదలవకముందే. పైగా ఈ ప్రాక్సీకి ఒక గుణం ఉంది. ఆర్డర్ రద్దయిందా అని అడిగితే జావా అబద్ధం అని చెబుతుంది, కానీ పీహెచ్‌పీకి చేరేది ఆ అబద్ధాన్ని మోస్తున్న వస్తువు. పీహెచ్‌పీలో వస్తువు ఏదైనా మామూలుగా ఇఫ్ దగ్గర నిజమే. దాంతో టెస్టింగ్‌లో ఆర్డర్లన్నీ రద్దయినట్టు చూపించింది. విలువని విప్పి ఇచ్చే ఫంక్షన్ ఉంది, వాడితే సరిగ్గా వస్తుంది. కానీ ప్రతి ఇఫ్ దగ్గరా దాన్ని గుర్తుపెట్టుకుని రాసే టీమ్‌ని నేనెక్కడా చూడలేదు.

వీటన్నిటికంటే నాకు కళ్లు తెరిపించింది హైబర్నేట్ విసిరిన లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్. ఆర్డర్ వచ్చింది, దాని ఐటమ్‌లు అడగ్గానే ఇది. ఈజేబీ పిలుపు ముగియగానే ట్రాన్సాక్షన్ అయిపోతుంది, హైబర్నేట్ సెషన్ మూసుకుంటుంది. ఐటమ్‌లు అప్పటిదాకా డేటాబేస్‌లోంచి రాలేదు, తర్వాత తెచ్చుకోవడానికి సెషన్ లేదు. జావా వాళ్లని అడిగితే ఈజర్‌గా, అంటే ఆర్డర్‌తో పాటే ఐటమ్‌లూ తెచ్చేలా మారుస్తాం అన్నారు. నేను వద్దన్నాను. ఇక్కడ సమస్య ఆర్డర్‌కీ ఐటమ్‌లకీ ఉన్న ఆ ఒక్క లింక్‌ది కాదు. పీహెచ్‌పీ స్క్రిప్ట్ ఏ రిక్వెస్ట్‌కి ఆ రిక్వెస్ట్ కొత్తగా మొదలై, పేజీ ఇచ్చేసి, ఉన్నదంతా మర్చిపోతుంది. అప్లికేషన్ సర్వర్ నెలల తరబడి లేచే ఉంటుంది. కనెక్షన్ పూల్, క్యాష్, ట్రాన్సాక్షన్ అన్నీ దాని లోపలి వ్యవహారాలు. ఆ లోపలి వస్తువుల్ని క్షణం బతికే స్క్రిప్ట్ చేతికివ్వడమే అసలు తప్పు. ఇవతలికి ఇవ్వాల్సింది వస్తువు కాదు, సమాధానం.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం: తెర మీద ఒక పేజీకి వెనక ఒక పిలుపు. ఆర్డర్ పేజీకి కావలసిందంతా ట్రాన్సాక్షన్ లోపలే పోగేసి, ఉత్త డేటాగా ఒకేసారి ఇచ్చే ఫసాడ్ బీన్ ఒకటి జావా వైపు రాశారు. దాన్ని సోప్ (ఎక్స్‌ఎమ్‌ఎల్ సందేశాలతో మాట్లాడుకునే పద్ధతి) వెబ్ సర్వీస్‌గా బయటపెట్టారు. జావా వైపు బీన్ మీద ఒక అనొటేషన్ చాలు, పీహెచ్‌పీ వైపు సోప్ ఎక్స్‌టెన్షన్ 2004లో పీహెచ్‌పీ 5తోనే వచ్చింది. సోప్ అంటే ఇప్పుడు అందరూ మొహం చిట్లిస్తారు గానీ, రెండు టీమ్‌ల మధ్య ఒప్పందం డబ్ల్యుఎస్‌డీఎల్ (సర్వీస్‌లో ఏ పిలుపులు, ఏ ఫీల్డులు ఉన్నాయో చెప్పే ఫైల్) రూపంలో కాగితం మీద ఉన్నట్టు ఉండటం నాకైతే నచ్చింది. వాదన వచ్చినప్పుడల్లా ఆ ఫైల్ తెరిచి చూసుకునేవాళ్లం.

అయితే సోప్ కూడా మాకు చుక్కలు చూపించింది. ఒక సంఘటన బాగా గుర్తుంది. ఇన్‌వాయిస్‌ల జాబితా పేజీ చాలామందికి చక్కగా వచ్చేది, కొందరికి మాత్రం వింతగా కనబడేది. ఇన్‌వాయిస్ నంబరు ఒక వరసలో, తేదీ ఇంకో వరసలో, మొత్తం మరో వరసలో. వాళ్లందరికీ ఉన్నది ఒక్కటే ఇన్‌వాయిస్. జాబితాలో రెండో మూడో ఉంటే పీహెచ్‌పీ సోప్ క్లయింట్ దాన్ని అరే చేస్తుంది. ఒక్కటే ఉంటే అరే లేకుండా ఆ వస్తువునే ఇస్తుంది. ఫర్‌ఈచ్ దాని మీద నడిస్తే ఫీల్డులన్నీ ఒక్కో వరసైపోతాయి. అసలేమీ లేకపోతే ఆ ప్రాపర్టీయే ఉండదు. ఒకే ఎలిమెంట్ ఉన్నా అరేగానే ఇమ్మని చెప్పే ఫీచర్ క్లయింట్ ఆప్షన్లలో ఉంది, అది పెట్టాక కుదుటపడింది. ఖాళీ జాబితాని మాత్రం మనమే చూసుకోవాలి.

డబ్ల్యుఎస్‌డీఎల్ క్యాష్ ఇంకో సరదా. పీహెచ్‌పీ దాన్ని డిఫాల్ట్‌గా 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా దాచుకుంటుంది. జావా వాళ్లు కొత్త ఫీల్డ్ పెట్టామంటారు, బ్రౌజర్‌లో డబ్ల్యుఎస్‌డీఎల్ తెరిస్తే కనబడుతుంది, పీహెచ్‌పీకి మాత్రం ఆ ఫీల్డ్ ఊసే తెలియదు. టెంప్ డైరెక్టరీలో ఉన్న క్యాష్ ఫైళ్లు చెరిపితే వెంటనే వస్తుంది. దీనికి తోడు, సర్వీస్ చిరునామాగా ఆ ఫైల్‌లో రాసి ఉండేది సర్వర్ లోపలి హోస్ట్ పేరు. లోడ్ బ్యాలెన్సర్ ఇవతల ఉన్న మాకు ఆ పేరు దొరకదు. రెండింటికీ కలిపి డబ్ల్యుఎస్‌డీఎల్ ఫైల్‌ని మా రిపాజిటరీలోనే పెట్టుకున్నాం, చిరునామాని కాన్ఫిగరేషన్‌లోంచి లొకేషన్ ఆప్షన్‌గా ఇచ్చాం, డిప్లాయ్ స్క్రిప్ట్‌లో క్యాష్ చెరిపే లైన్ చేర్చాం. అవతలి సర్వర్ పడిపోయి ఉన్నా క్లయింట్ వస్తువు తయారవడం ఆగకుండా ఉండటం దీంతో వచ్చిన అదనపు లాభం.

అక్షరాల గొడవ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. జావా స్ట్రింగ్ అంటే యూనికోడ్ అక్షరాలు, పీహెచ్‌పీ స్ట్రింగ్ అంటే ఉత్త బైట్లు. పాత కోడ్‌లో పేర్లని 50 బైట్ల దగ్గర కత్తిరించే సబ్‌స్ట్రింగ్ ఒకటుంది. ఇంగ్లీషు పేరైతే పర్లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు, 50ని 3తో భాగిస్తే సరిగ్గా పోదు కదా. అక్షరం మధ్యలో తెగి, ఇది యూటీఎఫ్-8 కాదని సోప్ ఎక్స్‌టెన్షన్ మొరాయిస్తుంది. బహుళబైట్ ఫంక్షన్‌తో మార్చాం. వర్డ్ ఫైళ్లలోంచి తెచ్చి అతికించిన వ్యాఖ్యల్లో వర్టికల్ ట్యాబ్ లాంటి కంట్రోల్ అక్షరాలు దూరతాయి, ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 వాటిని ఒప్పుకోదు. పంపేముందే తుడిచేయడం తప్ప వేరే మార్గం లేదు.

డబ్బు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. జావాలో మొత్తాలన్నీ బిగ్‌డెసిమల్, అంటే దశాంశాల్ని కచ్చితంగా దాచే రకం. సోప్ డెసిమల్‌ని పీహెచ్‌పీ స్ట్రింగ్‌గా అందుకుంటుంది, అంతవరకూ ఏ పైసా పోదు. మన కోడ్ రెండు మొత్తాల్ని ప్లస్‌తో కలిపిన క్షణాన అవి ఫ్లోట్, అంటే ఉజ్జాయింపు సంఖ్యలు అయిపోతాయి. మొత్తాలు కూడాలంటే దశాంశాల్ని కచ్చితంగా లెక్కించే బీసీమ్యాథ్ ఫంక్షన్లే వాడాలని నియమం పెట్టాం. అయినా ఒక సర్వీస్‌లో బాకీ సున్నా అని చూపించింది, అసలు బాకీ 100. ఆ సర్వీస్ మొత్తాన్ని డెసిమల్‌గా కాక మామూలు స్ట్రింగ్ ఫీల్డ్‌లో పంపేది. జావాలో చివరి సున్నాలు తీసేసే మెథడ్ పిలిచి ఆ తర్వాత టు-స్ట్రింగ్ చేస్తే 100 కాస్తా ‘1ఈ+2’ (1 పక్కన రెండు సున్నాలు అని) అవుతుంది. బీసీమ్యాథ్‌కి ఆ రాత అర్థం కాదు, మేం వాడే వెర్షన్‌లో నోరెత్తకుండా సున్నా అనుకునేది. జావాలో టు-ప్లెయిన్-స్ట్రింగ్ అని ఇంకో మెథడ్ ఉంది, ఆ ఒక్క పదం మారిస్తే తీరింది. పీహెచ్‌పీ 8లో ఇదే స్ట్రింగ్ ఇస్తే ఎర్రర్ విసురుతుంది, అది ఎంతో నయం.

తేదీలూ అంతే. జావా మిల్లీసెకన్లలో లెక్కపెడుతుంది, పీహెచ్‌పీ సెకన్లలో. 13 అంకెల సంఖ్యని అలాగే డేట్ ఫంక్షన్‌కిస్తే వేల సంవత్సరాల ముందుకి వెళ్లిపోతాం, అది ఎవరి కంటికైనా ఇట్టే కనబడుతుంది. కనబడనిది ఒక్క రోజు తేడా. గడువు తేదీని జావా అర్ధరాత్రి సమయంతో సహా డేట్‌టైమ్‌గా పంపేది. అటు ఒక టైమ్ జోన్, ఇటు యూటీసీ. అర్ధరాత్రి కాస్తా ముందు రోజు సాయంత్రం అయి గడువు ఒక రోజు వెనక్కి జరిగేది. సమయంతో పనిలేని తేదీలన్నిటినీ సంవత్సరం, నెల, రోజు అని ఉత్త స్ట్రింగ్‌గా పంపమని పట్టుబట్టాను. జావా వాళ్లకి అంతగా నచ్చలేదు, కానీ ఒప్పుకున్నారు.

భద్రత కోసం జావా వాళ్లు డబ్ల్యుఎస్-సెక్యూరిటీ యూజర్‌నేమ్ టోకెన్, అంటే పిలిచేది ఎవరో నిరూపించే సోప్ హెడర్ అడిగారు. పీహెచ్‌పీ సోప్ ఎక్స్‌టెన్షన్‌లో అది సిద్ధంగా లేదు, హెడర్‌ని చేత్తో కట్టాలి. అందులో పాస్‌వర్డ్ బదులు వెళ్లే డైజెస్ట్ అంటే నాన్స్ (ఒక్కసారికే వాడే యాదృచ్ఛిక విలువ), సృష్టించిన సమయం, పాస్‌వర్డ్ ఈ మూడూ వరసగా కలిపి ఎస్‌హెచ్‌ఏ-1 తీసి, దాన్ని బేస్64లోకి మార్చడం. నాన్స్‌ని హెడర్‌లో బేస్64గా పంపినా డైజెస్ట్‌లోకి దాని అసలు బైట్లే పోవాలి. ఇది పట్టుబడేదాకా ప్రతి పిలుపూ తిరస్కరణే, కారణం చెప్పని తిరస్కరణ. అది దాటాక కూడా ఒక్క వెబ్ సర్వర్ నుంచి వెళ్లిన పిలుపులే అప్పుడప్పుడూ తిరిగొచ్చేవి. దాని గడియారం ముందుకి జరిగి ఉంది. అవతల ఈ టోకెన్లని పరీక్షించే డబ్ల్యుఎస్‌ఎస్4జే లైబ్రరీ డిఫాల్ట్‌గా 300 సెకన్ల పాత టోకెన్‌ని కూడా తీసుకుంటుంది, భవిష్యత్తులోది అయితే 60 సెకన్లు దాటితే ఒప్పుకోదు. గడియారాల్ని సరిచూసే ఎన్‌టీపీని సరిచేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు. ఈ టోకెన్ పోర్టల్ ఎవరో చెబుతుంది గానీ, పేజీ ముందు కూర్చున్న కస్టమర్ ఎవరో చెప్పదు. వాళ్ల ఐడీని వేరే హెడర్‌లో పంపి, ఈ ఆర్డర్ వాళ్లదేనా అన్న పరీక్ష జావా వైపే జరగాలని తేల్చుకున్నాం.

లైవ్‌కి వెళ్లాక అసలు దెబ్బ టైమౌట్ల దగ్గర తగిలింది. నెలాఖరున జావా సర్వర్ మెల్లగా నడిచింది, పడిపోలేదు. పోర్టల్ మాత్రం పూర్తిగా పడిపోయింది, జావాతో ఏ సంబంధమూ లేని సంప్రదింపుల పేజీతో సహా. సోప్ క్లయింట్‌కిచ్చే కనెక్షన్ టైమౌట్ కలుపుకోవడానికే వర్తిస్తుంది. కలిశాక జవాబు కోసం ఎంతసేపు కాచుకోవాలన్నది డిఫాల్ట్ సాకెట్ టైమౌట్ చెబుతుంది, అది 60 సెకన్లు. స్క్రిప్ట్‌కి 30 సెకన్ల పరిమితి ఉంది కదా అంటే, లినక్స్ మీద ఆ లెక్కలో నెట్‌వర్క్ కోసం ఎదురుచూసిన సమయం కలవదు. పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎమ్‌లో 50 మంది వర్కర్లు, అంటే 50 ప్రాసెస్‌లు. ఒక్కొక్కరూ 60 సెకన్లు ఇరుక్కుంటే సెకనుకి ఒక్క రిక్వెస్ట్ కూడా ఖాళీ అవదు. సాకెట్ టైమౌట్‌ని 5 సెకన్లకి దించాం, వరసగా కొన్ని పిలుపులు విఫలమైతే కాసేపు జావా వైపు వెళ్లకుండా ‘తర్వాత చూడండి’ అని చెప్పే స్విచ్ పెట్టాం.

అదే సమయంలో సెషన్ లాక్ కూడా బయటపడింది. సెషన్‌ని ఫైల్‌లో దాచే పద్ధతిలో, స్క్రిప్ట్ ముగిసేదాకా ఆ ఫైల్ లాక్ అయి ఉంటుంది. ఒకే మనిషి తెరిచిన డ్యాష్‌బోర్డ్ నాలుగు ఏజాక్స్ (పేజీ వెనకనుంచి వెళ్లే) పిలుపులు పంపితే నాలుగూ ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి, ఒక్కోటి జావా కోసం ఆగుతూ. సోప్ పిలుపుకి ముందే సెషన్‌ని రాసి మూసేసే ఒక్క లైన్‌తో డ్యాష్‌బోర్డ్ వేగం కంటికి కనిపించేంత మారింది. ఇంత చవకైన లాభం ఈ ప్రాజెక్ట్ మొత్తంలో ఇంకోటి లేదు.

టైమౌట్ తగ్గించగానే కొత్త ప్రశ్న లేచింది. ఆర్డర్ పెట్టే పిలుపు 5 సెకన్లలో తిరిగి రాకపోతే ఆర్డర్ పడినట్టా, పడనట్టా? తెలియదు. కస్టమర్ బటన్ మళ్లీ నొక్కుతారు. అందుకని ఫారం చూపించినప్పుడే ఒక ప్రత్యేకమైన ఐడీ తయారుచేసి దాచిన ఫీల్డ్‌లో పెట్టాం. జావా వైపు ఆ ఐడీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉంది. రెండోసారి అదే ఐడీ వస్తే కొత్త ఆర్డర్ వేయకుండా మొదటిదాని నంబరే తిరిగి ఇస్తుంది. అదే ఐడీని రెండు వైపులా లాగ్‌లలో రాయడంతో ‘మీ వైపు తప్పు, మా వైపు కాదు’ అన్న ఫోన్ కాల్స్ కూడా తగ్గాయి. ఆ ఐడీతో వెతికితే ఎవరి వైపో ఇద్దరికీ కనబడుతుంది.

పెద్ద రిపోర్టులకి ఏ టైమౌటూ సరిపోదు. వాటిని యాక్టివ్‌ఎమ్‌క్యూ అనే సందేశాల సర్వర్‌లోని క్యూలోకి మార్చాం. జావా వాళ్లు జావా సందేశాల ఏపీఐ అయిన జేఎమ్‌ఎస్‌తో చదువుకుంటారు, పీహెచ్‌పీ 61613 పోర్ట్ మీద స్టాంప్ ప్రోటోకాల్‌తో సందేశం పడేస్తుంది. స్టాంప్ ఉత్త టెక్స్ట్ కాబట్టి టెల్‌నెట్‌తో కూడా పరీక్షించవచ్చు. రిపోర్ట్ తయారయ్యాక పోర్టల్‌లో లింక్ కనిపిస్తుంది. వినియోగదారులు దీని గురించి ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు, నాకే ఆశ్చర్యం.

ఇప్పుడు కొత్తగా రాసే సర్వీసులన్నీ రెస్ట్, జేసన్, అంటే మామూలు హెచ్‌టీటీపీ పిలుపులు, తేలికైన టెక్స్ట్ రూపంలో డేటా. రాయడం తేలిక, చూడటం తేలిక. కానీ డబ్ల్యుఎస్‌డీఎల్ ఇచ్చే క్రమశిక్షణ ఉండదు కాబట్టి కొన్ని పనులు మనమే చేసుకోవాలి. పీహెచ్‌పీలో ఖాళీ అరే డిఫాల్ట్‌గా చదరపు బ్రాకెట్లుగానే వెళ్తుంది, జావా అక్కడ మ్యాప్ ఎదురుచూస్తుంటే పార్సర్ ఎదురుతిరుగుతుంది. పెద్ద ఐడీలు బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ దాకా వెళ్తాయి, అక్కడ 9,007,199,254,740,991 దాటిన పూర్ణసంఖ్యలకి భరోసా లేదు. అందుకే ఐడీలన్నీ స్ట్రింగ్‌లే. పాత సోప్ సర్వీసుల్ని మార్చమని ఎవరూ అడగలేదు, నేనూ కదిలించలేదు.

రెండు టీమ్‌లూ వేర్వేరు రోజుల్లో డిప్లాయ్ చేస్తాయి కాబట్టి ఒక వరస పాటిస్తున్నాం. కొత్త ఫీల్డ్ అయితే ముందు జావా, అదీ ఐచ్ఛికంగా. తర్వాత పీహెచ్‌పీ దాన్ని వాడటం మొదలుపెడుతుంది. తీసేయాల్సిన ఫీల్డ్ అయితే తిరగేసి, ముందు పీహెచ్‌పీ వాడటం మానేస్తుంది. జావా లాగ్‌లలో ఆ ఫీల్డ్‌ని ఎవరూ అడగడం లేదని చూసుకున్నాకే వాళ్లు తీసేస్తారు.